ఉన్నదే 3 కిలోలు, లాగితే ఎంత లాగుతుంది? చిన్న కుక్కలు, లీష్ గురించి అపోహలు - వాస్తవాలు

కుక్కలకు శిక్షణ ఇచ్చే మాలాంటి వాళ్లకు పెద్ద కుక్కల యజమానులతో ఒక సుఖం ఉంది. లాబ్రడార్ లాగితే మనిషి కింద పడతాడు కాబట్టి, మోకాలు కొట్టుకుపోయిన వారంలోనే ఫోన్ వస్తుంది. పామరేనియన్ (పామ్), షిట్జూ, చివావా, యార్కీ, పగ్ లాంటి చిన్న జాతులు పెంచుకునేవాళ్లు అలా రారు. ఏళ్ల తరబడి లాగనిచ్చి, చివరికి వేరే సమస్య చెప్పుకుంటూ వస్తారు. దగ్గుతోందనో, బయటికి రానని మొరాయిస్తోందనో, కనబడిన ప్రతి మనిషి మీదా అరుస్తోందనో. మాటల మధ్యలో "వాకింగ్‌లో లాగుతుందా?" అని అడిగితే నవ్వేస్తారు. "లాగుతుంది సార్. ఉన్నదే మూడు కిలోలు, లాగితే ఎంత లాగుతుంది!"

నా పనిలో ఎక్కువగా వినే మాట ఇదే. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట కూడా ఇదే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం. మిగతావి తర్వాత.

అపోహ: చిన్న కుక్క లాగితే నష్టమేమీ లేదు

వాస్తవం: మన చేతికి నష్టం లేదు, దాని గొంతుకు ఉంది. మన వేళ్లకు తెలియనంత లాగుడు కూడా ఆ చిన్న మెడకు చాలా ఎక్కువ. పైగా చిన్న కుక్క నేలకు దగ్గరగా ఉంటుంది, మన చెయ్యి ఎక్కడో పైన ఉంటుంది. లీష్ (మనం పట్టుకునే తాడు) బిగిసినప్పుడు కాలర్ వెనక్కి మాత్రమే రాదు, పైకి లేచి సరిగ్గా గొంతు కింద పట్టుకుంటుంది. ముందు కాళ్లు గాల్లోకి లేచి, వెనక కాళ్ల మీద తోసుకుంటూ పోయే పామ్‌ని చూసి ముచ్చటపడి వీడియో తీసేవాళ్లు ఉన్నారు. ఆ వీడియోలో దాని బరువులో చాలా భాగం గొంతు మీదే వేలాడుతోందని వాళ్లకు తట్టదు.

శ్వాసనాళం గట్టిగా నిలబడేది మృదులాస్థి రింగుల వల్ల. ఆ రింగులు పూర్తి గుండ్రంగా ఉండవు, ఇంగ్లిష్ 'సి' ఆకారంలో ఉంటాయి. తెరిచి ఉన్న వైపున ఒక పలచని పొర ఉంటుంది. చిన్న జాతుల్లో, ముఖ్యంగా యార్కీ, పామ్, చివావా, టాయ్ పూడుల్ లాంటి వాటిలో, ఈ రింగులు బలహీనపడి నాళం చప్పిడిగా నొక్కుకుపోయే జబ్బు ఎక్కువ. ట్రేకియల్ కొలాప్స్ అంటారు. కాలర్ వల్లే ఈ జబ్బు పుడుతుందని నేను అనడం లేదు. పుట్టుకతో వచ్చే బలహీనత ఉంటుంది, వయసు ఉంటుంది, ఒళ్లు పెరిగితే మరింత ఇబ్బంది. కానీ ఆ బలహీనత ఉన్న గొంతు మీద రోజూ ఉదయం, సాయంత్రం పట్టీ బిగిస్తే దగ్గు రేగుతుంది, ఉన్న సమస్య ముదురుతుంది. మీ కుక్కలో ఆ బలహీనత ఉందో లేదో బయటికి చూస్తే తెలియదు కదా.

ఆ దగ్గు ఒకసారి వింటే మర్చిపోరు. బాతు అరిచినట్టు పొడిగా, కీచుగా వస్తుంది. ఉత్సాహం వచ్చినప్పుడు, లాగినప్పుడు, నీళ్లు తాగినప్పుడు ఎక్కువ. ఒక పెద్దావిడ తన పామ్‌కి చాలాకాలంగా జలుబు తగ్గడం లేదని, చన్నీళ్లు మాన్పించానని, ఏసీ కూడా ఆపేశానని చెప్పారు. నేను కుక్క వైపు చూస్తూ ఉన్నాను. తలుపు తీయగానే అది ముందుకు దూకింది, లీష్ బిగిసింది, దగ్గు మొదలైంది. లీష్ వదులు చేశాక ఆగింది. మళ్లీ బిగిసింది, మళ్లీ దగ్గు. "అమ్మా, ఇది జలుబులా లేదు, ఈ పూటే డాక్టర్‌కి చూపించండి, ఈలోగా మెడకు లీష్ తగిలించకండి" అన్నాను. ఆవిడ ముఖం చూస్తే నాకే బాధేసింది. ఇన్నాళ్లూ తనే హింస పెట్టానేమో అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అంత అవసరం లేదు. దగ్గుతున్న చిన్న కుక్కలు చాలావాటికి మందులు, బరువు తగ్గించడం, మెడకు బదులు ఛాతీ చుట్టూ వేసే పట్టీ అయిన హార్నెస్‌కి మార్చడంతోనే బాగా ఉపశమనం ఉంటుంది. అయితే చిన్న జాతుల్లో గుండె కవాటం జబ్బు వల్ల కూడా దగ్గు వస్తుంది. కాబట్టి ఫలానా జబ్బని తేల్చాల్సింది వెటర్నరీ డాక్టర్, ట్రైనర్ కాదు, పక్కింటివాళ్లు అసలే కాదు.

ఇంకో సంగతి. మెడకు కట్టిన కాలర్‌ని కుక్క లాగినప్పుడు కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. హార్నెస్‌తో అలా పెరగదు. గ్లాకోమా (కంటి లోపలి ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతీసే జబ్బు) ఉన్నవాటికి, పగ్, షిట్జూలా కళ్లు బయటికి ఉబ్బి ఉండేవాటికి ఇది చిన్న విషయం కాదు.

గొంతు సంగతి అయ్యింది. రెండో నష్టం చదువుకు సంబంధించింది. పెద్ద కుక్క లాగితే మనం ఆగుతాం, గదమాయిస్తాం, ఏదో ఒకటి చేస్తాం. చిన్నది లాగితే మనకు తెలియకుండానే వెంట నడుస్తాం. అంటే లాగిన ప్రతిసారీ అది కోరుకున్న చోటికి చేరుతోంది. ఇంతకంటే మంచి శిక్షణ నేనైనా ఇవ్వలేను, కాకపోతే తప్పు విషయంలో.

నమ్మకం లేకపోతే ఎవరైనా ఫోన్ చూసుకుంటూ చిన్న కుక్కను తిప్పుతున్నప్పుడు వాళ్ల మోచెయ్యి గమనించండి. కుక్క పొద వైపు లాగుతుంది. మనిషి ఆగే ఉంటాడు, కళ్లు ఫోన్ మీదే ఉంటాయి, కానీ మడిచి ఉన్న మోచెయ్యి మెల్లగా చాచుకుంటుంది. కుక్కకు ఒక అడుగు దూరం దొరికింది. ఆ అడుగులోనే పొద అందింది. "నేను అస్సలు కదలను సార్, ఆగిపోతాను, అయినా మానట్లేదు" అనేవాళ్లలో చాలామంది ఇలా చేతితో నడుస్తారు. అందుకే నేను మొదట చెప్పేది, లీష్ పట్టుకున్న చేతి బొటనవేలు ప్యాంటు జేబులోనో, నడుము దగ్గర బెల్టులోనో దూర్చేయమని. చెయ్యి కదలకపోతేనే మీరు ఆగినట్టు లెక్క.

ఆగాక ఏం చేయాలి? ఏమీ చేయకూడదు. "నో, నో, చింటూ, ఆగు, చెప్పానా" అనే ప్రవచనం అక్కర్లేదు. వెనక్కి గుంజొద్దు. కుక్కను ఒకవైపు లాగితే అది సహజంగా ఎదురు వైపు బరువు వేస్తుంది, గుంజేకొద్దీ ఇంకా గట్టిగా తోస్తుంది. ఊరికే నిలబడండి. కాసేపటికి అది వెనక్కి చూస్తుంది, లేదా ఒక అడుగు వెనక్కి వేస్తుంది, లీష్ వదులవుతుంది. వెంటనే కదలండి, అదీ అది వెళ్లాలనుకున్న పొద వైపే. లీష్ వదులుగా ఉంటే పొద దొరుకుతుంది, బిగిస్తే ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. కుక్కకు అర్థం కావాల్సింది ఇంతే.

ఇది ఇంట్లో మొదలుపెట్టాలి, రోడ్డు మీద కాదు. హాల్లో లీష్ లేకుండా తిరగండి. అది మీ కాలి పక్కకు వచ్చిన ప్రతిసారీ చెప్పు అంచు దగ్గర నేల మీద ట్రీట్ పెట్టండి. చిన్న కుక్కల విషయంలో ఈ 'నేల మీద' అన్నది ముఖ్యం. చేత్తో పైనుంచి ఇస్తే అది ఎగురుతుంది, మీ ముందుకొచ్చి అడ్డం పడుతుంది, మీకు నడుము నొప్పి అదనం. వంగలేనివాళ్లు పొడవాటి గరిటె చివర మెత్తటి ట్రీట్ రాసి కిందికి చాపితే సరి. ట్రీట్ సైజు బఠాణీ గింజలో సగం చాలు. అది కూడా రోజు తిండిలోంచే తీసివ్వండి, చిరుతిళ్లు మొత్తం తిండిలో 10 శాతం దాటకూడదు. హాల్లో కుదిరాక లీష్ తగిలించి హాల్లోనే, తర్వాత గుమ్మం బయట, ఆ తర్వాతే వీధి. ఒక్కోసారి 5 నిమిషాలు చాలు.

రెండు హెచ్చరికలు. మొదట్లో లాగుడు తగ్గదు, పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం ఇవాళ ఎందుకు పనిచేయట్లేదని ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. "మీరు చెప్పాక ఇంకా ఎక్కువైంది సార్" అని ఫోన్ వచ్చేది సరిగ్గా అప్పుడే, మానేసేదీ అప్పుడే. ఇంకొంచెం ఓపిక పట్టండి. రెండోది, ఉదయం అమ్మగారు ఆగి, సాయంత్రం అబ్బాయిగారు పరిగెత్తిస్తే కుదరదు. అప్పుడప్పుడూ ఫలించే అలవాటు ఎప్పుడూ ఫలించే అలవాటు కంటే మొండిది. ఆఫీసుకు టైమైపోయి ఆగే ఓపిక లేని రోజు ఉంటుంది కదా, ఆ రోజు చంకన ఎత్తుకుని వెళ్లి, దాని పని అయ్యాక ఎత్తుకుని వచ్చేయండి. లాగించుకుంటూ వెళ్లడం కంటే అదే మేలు. లాబ్రడార్ వాళ్లకు లేని సౌకర్యం ఇది, వాడుకోండి.

అపోహ: హార్నెస్ వేస్తే లాగుడు ఎక్కువవుతుంది

వాస్తవం: లాగినప్పుడు మనం వెంట వెళ్లడం వల్ల ఎక్కువవుతుంది. హార్నెస్‌తో గొంతు నొక్కుకోదు కాబట్టి హాయిగా లాగగలదు, అది నిజమే. అందుకని గొంతు నొక్కి ఆపాలా? హార్నెస్ లాగుడు మాన్పించదు, నేర్పే కాలంలో ఒంటిని కాపాడుతుంది. రెండూ వేరు.

ముందు నుంచి చూస్తే ఛాతీ మీద 'వై' ఆకారంలో ఉండేది కొనండి. భుజాలకు అడ్డంగా పట్టీ పోయేది వద్దు, నడక మారిపోతుంది. పట్టీకీ ఒంటికీ మధ్య మీ వేలు ఒకటి దూరాలి. ఎక్కువ వదులుగా ఉంటే బెదిరిన చిన్న కుక్క వెనక్కి నడుచుకుంటూ క్షణంలో బయటపడుతుంది. చంకల కింద ఒరుసుకుని ఎర్రబడిందేమో వారానికోసారి వెంట్రుకలు విడదీసి చూడండి. లీష్ కొక్కెం బరువు కూడా చూసుకోండి. పెద్ద కుక్కల కోసం చేసిన ఇనుప కొక్కెం చివావా వీపు మీద వేలాడుతుంటే అది పక్కకు వంగి నడవడం నేను చూశాను. పేరు ట్యాగ్ మాత్రం పలచటి కాలర్‌కే ఉండనివ్వండి, తప్పిపోతే పనికొస్తుంది. లీష్ మాత్రం దానికి తగిలించొద్దు.

అపోహ: సాగే లీష్ వేస్తే స్వేచ్ఛగా ఉంటుంది, లాగదు

వాస్తవం: లోపల స్ప్రింగ్ ఉన్న లీష్ ఎప్పుడూ కాస్త బిగువుగానే ఉంటుంది. లాగితే ఇంకొంచెం వస్తుంది. అంటే లాగమని నేర్పే పరికరాన్ని డబ్బులిచ్చి కొన్నట్టు. పైగా చేతిలోంచి జారితే ఆ ప్లాస్టిక్ పిడి నేల మీద టకటకా కొట్టుకుంటూ కుక్క వెంటే వస్తుంది. అది తనను తరుముతోందనుకుని ప్రాణభయంతో పరిగెడుతుంది, ట్రాఫిక్ చూడదు. ఒకటిన్నర, రెండు మీటర్ల మామూలు లీష్ చాలు.

అపోహ: ముందు నడిచే కుక్క తానే లీడర్ అనుకుంటుంది

వాస్తవం: ఈ పుకారుకు విసుగు పుట్టింది. 1947లో రుడోల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త బంధించి ఉంచిన తోడేళ్లు పెత్తనం కోసం కొట్టుకోవడం చూసి రాసిన దానిలోంచి పెరిగిన మాట ఇది. 1970లో తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ రాసిన పుస్తకంతో అందరికీ పాకింది. అదే మెక్ 1999లో, అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లిదండ్రులు, పిల్లలు ఉన్న కుటుంబమని, పెత్తనం కోసం కొట్టుకునే ముఠా కాదని స్పష్టంగా రాశాడు. మీ షిట్జూకు సింహాసనం మీద ఆశ లేదు. మూలన ఇంకో కుక్క పోసిన ఉచ్చ వాసన మీద ఆశ, అంతే.

అపోహ: ఇంటి వైపు లాగుతోందంటే బద్ధకం, మొండితనం

వాస్తవం: దీన్ని తేలిగ్గా తీసుకోకండి. తోక కిందికి, చెవులు వెనక్కి, ఒళ్లు నేలకు ఆనించి ఇంటి వైపు లాగుతుంటే అది భయపడుతోంది. ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని దాని ఎత్తు నుంచి రోడ్డును చూడండి. బళ్ల చక్రాలు, పరిగెత్తే బూట్లు, మీదికి వంగి తల నిమరబోయే పరాయి చేతులు. అలాంటిదాన్ని ఆగి, నిలబడి, ఓపిక పరీక్షించే, పైన చెప్పిన పద్ధతితో సరిచేయలేం. దూరం జరగండి, ఎత్తుకోండి, రద్దీ లేని చోట, రద్దీ లేని వేళ మొదలుపెట్టండి. ఎత్తుకుంటే భయం అలవాటవుతుందన్న టెన్షన్ వద్దు. ధైర్యం చెబితే భయం పెరగదు, పిల్లల్లోనూ పెరగదు, కుక్కల్లోనూ పెరగదు. అప్పటిదాకా బాగానే తిరిగిన కుక్క ఉన్నట్టుండి రానంటే మాత్రం మోకాలి చిప్ప పక్కకు జారుతోందేమో డాక్టర్‌కి చూపించండి. చిన్న జాతుల్లో ఇది చాలా ఎక్కువ. నాలుగడుగులు వేసి ఒక వెనక కాలు మడిచి గెంతుతూ, మళ్లీ మామూలుగా నడుస్తుంటే ముఖ్యంగా.

ఇక మిగిలినవి గబగబా. చోక్ చైన్, ముళ్ల కాలర్ చిన్న కుక్కకు వేయొచ్చా అని అడుగుతుంటారు. పైన గొంతు గురించి చదివాక కూడా అడిగితే నా దగ్గర మర్యాదైన జవాబు లేదు. బంతి ఆడించి అలసిపోయేలా చేస్తే లాగదంటారు. కాసేపు లాగదు, కానీ అలసటతో పాఠం రాదు. ట్రీట్లు ఇస్తే లంచానికి మరుగుతుందంటారు. లంచం ముందు చూపించి ఇచ్చేది. పని అయ్యాక ఇచ్చేది కూలి, మనమూ దానికోసమే వెళ్తున్నాం కదా పొద్దున్నే.

పదేళ్లొచ్చాయి, ఇప్పుడేం నేర్చుకుంటుందిలే అనేవాళ్లకు: నేర్చుకుంటుంది, నిక్షేపంగా. కీళ్ల నొప్పి ఉందేమో చూపించి మొదలుపెట్టండి. చిన్న జాతులకు ఆ వయసుకు పళ్లు చాలావరకు పాడై ఉంటాయి, ట్రీట్ మెత్తగా ఉండేలా చూసుకోండి.