కోడ్‌కు కొలబద్ద ఎక్కడి నుంచి వచ్చింది

2023 ఆగస్టులో మెకిన్సే సలహా సంస్థ ఒక వ్యాసం ప్రచురించింది. సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉత్పాదకతను కొలవవచ్చని, తమ దగ్గర అందుకు పద్ధతి ఉందని దాని సారాంశం. ప్రోగ్రామర్ల లోకం భగ్గుమంది. పేరున్న ప్రోగ్రామర్ కెంట్ బెక్, సాఫ్ట్‌వేర్ రంగం గురించి రాసే గెర్గెలీ ఓరోస్ కలిసి దానికి జవాబు రాశారు. మనిషి ఎంత శ్రమపడ్డాడు, ఎంత సరుకు తయారుచేశాడు అన్నదానికే ఆ పద్ధతి పెద్దపీట వేస్తోందని, దానివల్ల వాడుకరికి, వ్యాపారానికి ఏం ఒరిగిందన్నది వెనక్కి పోతోందని వారి అభ్యంతరం. బయటి నుంచి చూసేవారికి ఇది కొత్త గొడవలా కనిపించి ఉంటుంది. కానీ ఇది యాభై ఏళ్లు దాటిన తగవు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో అప్రైజల్ ఫారం నింపుతున్న ఇంజినీరు జీతం దాకా దాని ప్రభావం ఉంది కాబట్టి, ఎక్కడ మొదలైందో తెలుసుకోవడం అవసరం.

1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్ పట్టణంలో నాటో ఒక సదస్సు ఏర్పాటు చేసింది. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు గడువు దాటుతున్నాయి, ఖర్చు చేయిదాటుతోంది, చివరికి వచ్చినదాన్ని నమ్మలేకపోతున్నారు. వంతెనలు కట్టినంత క్రమశిక్షణతో ప్రోగ్రాములూ కట్టాలన్న ఆశతో ‘సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్’ అన్న పేరును ఆ సదస్సు జనంలోకి తెచ్చింది. అదే ఏడాది కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ ప్రోగ్రామింగ్‌ను కళ అని పేరులోనే చాటిన తన గ్రంథం తొలి సంపుటం విడుదల చేశాడు. ఆయనకు 1974లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆ సందర్భంగా చేసిన ప్రసంగంలోనూ ఆయన ఆ మాటే నిలబెట్టాడు: ప్రోగ్రాముకు అందం ఉంటుంది, రాయడంలో ఆనందం ఉంటుంది, ఈ రెండూ శాస్త్రానికి విరోధులు కావు. కంప్యూటర్‌కు నేర్పగలిగినంత స్పష్టంగా అర్థమైనది శాస్త్రం, మిగిలినది కళ అని ఆయన చేసిన విభజన ఇప్పటికీ నాకు అన్నిటికన్నా సరైనదిగా తోస్తుంది.

ఈ రెండు చూపుల మధ్య నలిగిన మనిషి ఫ్రెడ్ బ్రూక్స్. ఐబీఎంలో ఓఎస్/360 అనే భారీ వ్యవస్థ నిర్మాణాన్ని నడిపించిన ఆయన, 1975లో ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశాడు. మనిషి, నెల అనే రెండింటినీ గుణించి పనిని అంచనా వేయడం మోసపూరితమని అందులో ఆయన వాదన. గోధుమ కోతకైతే, పత్తి ఏరడానికైతే మనుషులను పెంచితే రోజులు తగ్గుతాయి, ఎందుకంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన పని లేదు. ప్రోగ్రామింగ్ అలా కాదు. 5 మంది ఉంటే మాట్లాడుకోవలసిన జంటలు 10, 10 మంది అయితే 45. ఆలస్యమైన ప్రాజెక్టులోకి ఇంకొందరిని దించితే అది మరింత ఆలస్యమవుతుంది. ఈ మాట మేనేజర్లందరికీ కంఠస్థమే. అయినా గడువు దగ్గరపడగానే ఇంకో నలుగురిని పంపమని అడుగుతూనే ఉంటారు.

కొలిచేందుకు మొదట దొరికింది కోడ్ వరుస. పంచ్ కార్డుల కాలంలో ఒక కార్డు మీద ఒక వరుస, వరుసకు 80 గడులు. పెట్టెలో పేర్చిన కార్డులను చూస్తే ఎవరు ఎంత రాశారో కంటికే తెలిసేది. కార్డులు పోయాయి, లెక్క మాత్రం పోలేదు. వెయ్యి వరుసలను ఒక యూనిట్‌గా పెట్టుకుని ప్రాజెక్టు ఖర్చు అంచనా వేయడం రివాజైంది.

1982 ప్రాంతంలో ఆపిల్‌లో లీసా కంప్యూటర్ తయారవుతున్నప్పటి సంగతి ఒకటి ఉంది. ఆ బృందంలో ఉన్న ఇంజినీర్లు వారంవారం ఎన్ని వరుసల కోడ్ రాశారో ఫారంలో నింపాలని మేనేజర్లు నిర్ణయించారు. బిల్ అట్కిన్సన్ అప్పుడు తెర మీద బొమ్మలు గీసే క్విక్‌డ్రా అనే భాగం రాస్తున్నాడు. ఒక విండో మీద ఇంకో విండో పడినప్పుడు ఏ ముక్క కనిపించాలో, ఏ ముక్క దాగాలో లెక్కగట్టే పని అది. అలాంటి వంకరటింకర ఆకారాలను పట్టుకునే పాత పద్ధతిని ఆయన పక్కనబెట్టి, అంతకన్నా సులువైన, అన్ని సందర్భాలకూ సరిపోయే పద్ధతి కనిపెట్టాడు. పని దాదాపు ఆరు రెట్లు వేగంగా జరిగింది. కోడ్ 2,000 వరుసలు తగ్గింది. ఆ వారం ఫారం వచ్చినప్పుడు ఆయన కాసేపు ఆలోచించి, వరుసల సంఖ్య గడిలో మైనస్ 2,000 అని రాశాడు. కొన్ని వారాల తర్వాత ఆ ఫారం ఆయనకు ఇవ్వడం మానేశారు. ఆయన సహోద్యోగి ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ దీన్ని అక్షరబద్ధం చేశాడు. దీన్ని చమత్కారంగా చెప్పుకుని నవ్వుకుంటారు కానీ, నాకు అది బాధ కలిగించే కథ. అట్కిన్సన్ అంతటివాడు కాబట్టి ఫారం వెనక్కి వెళ్లింది. పేరులేని జూనియర్ ఎవరైనా మైనస్ రాసి ఉంటే ఏమయ్యేది?

డబ్బు పంపకాలకు వచ్చేసరికి ఇదే లెక్క కంపెనీల మధ్య చిచ్చుపెట్టింది. ఐబీఎం, మైక్రోసాఫ్ట్ కలిసి ఓఎస్/2 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్మిస్తున్నప్పుడు, ఎవరు ఎన్ని వేల వరుసలు రాశారన్నదాన్ని బట్టి చెల్లింపు ఉండాలని ఐబీఎం పట్టుబట్టిందని మైక్రోసాఫ్ట్‌కు చెందిన స్టీవ్ బామర్ 1996లో ఒక టీవీ కార్యక్రమంలో చెప్పాడు. 20 వేల వరుసల్లో అయ్యే పనిని తెలివైన డెవలపర్ 4 వేలల్లో ముగిస్తే మాకు తక్కువ డబ్బు రావాలా అన్నది ఆయన ప్రశ్న. వరుసలను రాబడిగా కాకుండా ఖర్చుగా లెక్కవేయాలని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1988లోనే రాశాడు.

మన నేల మీదికి ఈ కథ వచ్చింది ప్రమాణపత్రాల దారిలో. అమెరికా రక్షణ శాఖ డబ్బుతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో నడిచే సంస్థ, వాట్స్ హంఫ్రీ నాయకత్వంలో, 1980ల చివరి నుంచి సాఫ్ట్‌వేర్ సంస్థ పని తీరు ఎంత పక్వమైందో చెప్పే సీఎంఎం అనే అయిదు మెట్ల నమూనాను తీర్చిదిద్దింది. కాంట్రాక్టరు నమ్మదగినవాడా అని తేల్చుకోవడం దాని ఉద్దేశం. ఆ పద్ధతిలో మంచి లేకపోలేదు. హ్యూస్టన్‌లో స్పేస్ షటిల్ సాఫ్ట్‌వేర్ రాసిన బృందం ప్రతి బగ్‌నూ నమోదు చేసి, అది ఎందుకు పుట్టిందో వెతికి, పని తీరును సరిదిద్దుకునేది. అక్కడ కొలత పనిది, మనిషిది కాదు. బెంగళూరులోని మోటరోలా విభాగం 1990ల తొలి సగంలోనే అయిదో మెట్టు ఎక్కింది. దశాబ్దం చివరికి, 2000 సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాముల్లో తేదీలు తప్పకుండా సరిదిద్దే వై2కే పనుల వెల్లువలో, హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్న రోజుల్లో, లెవెల్ 5 అన్న ముద్ర భారతీయ కంపెనీలకు ఊరూపేరూ తెలియని క్లయింటు తలుపు తెరిపించే తాళంచెవి అయింది.

కానీ అమ్మింది గంటలు. క్లయింటుకు వెళ్లే బిల్లులో ఉండేది ఇంతమంది, ఇన్ని గంటలు, గంటకు ఇంత రేటు. కాబట్టి టైమ్‌షీట్ పుట్టింది. అందులో కోడింగ్, టెస్టింగ్, రివ్యూ, మీటింగ్ అన్న గడులుంటాయి. సమస్యను మూడు రోజులు మనసులో నానబెట్టి, అసలు ఆ మాడ్యూలే అక్కర్లేదని తేల్చినవారికి గడి ఉండదు. పైగా అలా తేల్చడం కంపెనీకి నష్టం, బిల్లు తగ్గుతుంది. ప్రాజెక్టు లేనివారు బెంచ్ మీదికి వెళతారు, అక్కడ ఒక్కో వారం గండంగా గడుస్తుంది.

ఇలా ఎందుకైందో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల నిర్వహణపై పుస్తకాలు రాసిన టామ్ డిమార్కో మాటల్లో నాకు అర్థమైంది. కొలవలేనిదాన్ని అదుపు చేయలేమని 1982లో రాసి ఒక తరం మేనేజర్లకు మంత్రం ఇచ్చినవాడు ఆయన. 2009లో ఆ మంత్రాన్ని ఆయనే ప్రశ్నించాడు. పది లక్షల డాలర్లు పెట్టి పదకొండు లక్షల విలువ రాబట్టే ప్రాజెక్టు ఒకటి, అదే ఖర్చుతో అయిదు కోట్లకు పైగా విలువ ఇచ్చే ప్రాజెక్టు ఇంకొకటి ఉన్నాయనుకోండి. మొదటిదానికి అదుపు ప్రాణవాయువు. రెండోదానికి అదుపు పెద్దగా అవసరం లేదు. మన సేవా కంపెనీలు దశాబ్దాలుగా ఎంచుకున్నవి చాలావరకు మొదటి రకం. అక్కడి మేనేజరు గంటలు లెక్కపెట్టడం అతని సంకుచితత్వం వల్ల కాదు, సంతకం చేసిన ఒప్పందం అతనితో ఆ పని చేయిస్తోంది.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది కూర్చుని రాసిన ఎజైల్ అనే తేలికైన పని పద్ధతి ప్రకటన ఈ బరువును దించుతుందని చాలామంది ఆశపడ్డారు. పద్ధతులు, పనిముట్ల కన్నా మనుషులు, వారి మధ్య మాటామంతీ ముఖ్యమన్నది దాని మొదటి మాట. కానీ ఒక్కో పని ఎంత పెద్దదో అంచనా వేసేందుకు పనికొస్తాయని వచ్చిన స్టోరీ పాయింట్లు కొన్నాళ్లకే జట్లను పోల్చే మార్కులయ్యాయి. ఆ పాయింట్లను తానే కనిపెట్టి ఉండవచ్చని, అలాగైతే అందుకు చింతిస్తున్నానని ఆ 17 మందిలో ఒకరైన రాన్ జెఫ్రీస్ తర్వాత రాశాడు. గడువులోగా పాయింట్లు పూర్తికావాలంటే అంచనాలోనే రెండు పాయింట్లు ఎక్కువ వేసుకుంటే సరిపోతుందని ఏ జట్టుకైనా ఒకటి రెండు నెలల్లో తెలిసిపోతుంది.

ఇప్పుడు వరుసల లెక్క మళ్లీ గౌరవంగా తిరిగివచ్చింది. గూగుల్‌లో కొత్త కోడ్‌లో పాతిక శాతానికి పైగా ఏఐ రాస్తోందని, ఇంజినీర్లు చూసి ఆమోదిస్తున్నారని సుందర్ పిచాయ్ 2024 అక్టోబరులో ప్రకటించాడు. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2025 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ విషయంలో 20 నుంచి 30 శాతం అన్నాడు. యంత్రానికి వరుసలు పోయడం కష్టమేమీ కాదు. దాన్ని చదివి, నమ్మదగినదో కాదో తేల్చి, అక్కర్లేనిదాన్ని కొట్టేయడమే కష్టం. ఆ పనిని ఈ శాతాలు చెప్పవు. మరోవైపు, ఏఐ రాస్తోంది కదా, గంటలు తగ్గించమని క్లయింట్లు అడుగుతున్నారు. గంటకు బదులు ఫలితానికి ధర కట్టే ఒప్పందాల మాట భారతీయ కంపెనీల్లోనూ నడుస్తోంది. ఫలితం అంటే ఏమిటో, అది దక్కిందని ఎవరు చెబుతారో తేల్చే చర్చలు క్లయింట్లకు, అమ్మకాల విభాగాలకు మధ్యే సాగుతున్నాయి. కోడ్ రాసేవారిని వాటికి పిలవడం అరుదు.