డిస్కౌంటు ఫోను మీద పన్ను ఏ ధరకు కట్టాలి?

రూ. 20,000 ఫోను పండుగ సేల్‌లో బ్యాంకు కార్డు ఆఫర్ పోను రూ. 18,000కే చేతికొస్తుంది. బిల్లు చూస్తే మాత్రం చాలాసార్లు జీఎస్టీ రూ. 20,000 మీదే వేసి ఉంటుంది. అదే రూ. 2,000 షాపువాడే సొంతంగా తగ్గించి బిల్లులో చూపిస్తే పన్ను రూ. 18,000 మీదే పడుతుంది. మన జేబులోంచి పోయేది రెండుసార్లూ ఒకటే అయినా, బిల్లులో పన్ను (ధరలోనే కలిసి ఉండే 18 శాతం లెక్కన) మొదటి దాంట్లో సుమారు రూ. 3,051, రెండో దాంట్లో రూ. 2,746. ఈ తేడా వెనక దశాబ్దాల పేచీ ఉంది.

1956 నాటి కేంద్ర అమ్మకం పన్ను చట్టం, వ్యాపారంలో వాడుకగా ఇచ్చే క్యాష్ డిస్కౌంటును (డబ్బు త్వరగా కట్టినందుకు తగ్గించేది) అమ్మకపు ధరలోంచి తీసేయమంది. డీలర్లకు కేటలాగు ధరలోంచి తగ్గించే ట్రేడ్ డిస్కౌంటు ఊసు అందులో లేదు. దాంతో కేటలాగు ధర మీదే పన్ను కట్టాలన్న వాదన వచ్చింది. 1979లో అద్వానీ ఓర్లికాన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. ట్రేడ్ డిస్కౌంటు పోను కొన్నవాడు ఇవ్వాల్సిందే అమ్మకపు ధర అని తేల్చింది. ఈ తగాదాలో ఇప్పటికీ పునాది ఆ మాటే అని నా అభిప్రాయం: అమ్మినవాడికి నిజంగా ఎంత ముట్టిందో దాని మీదే పన్ను.

తర్వాతి చిక్కు క్రెడిట్ నోట్లతో, అంటే బిల్లయ్యాక ధర తగ్గించి ఇచ్చే చీటీలతో వచ్చింది. సరుకు ముందు పూర్తి ధరకు బిల్లవుతుంది, నెల తిరిగాక స్కీమ్ ప్రకారం కంపెనీ కొంత వెనక్కి ఇస్తుంది. బిల్లులో కనిపించని డిస్కౌంటు ఒప్పుకోం అని కేరళ పన్ను శాఖ పట్టుబట్టింది. 2012లో ఐఎఫ్‌బీ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదననూ కొట్టేసింది. ముందే ఒప్పుకున్న స్కీమ్ ప్రకారం ఇచ్చిందైతే బిల్లులో లేకపోయినా చెల్లుతుందంది.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. చట్టంలోని 15వ సెక్షన్ ఈ పాత తీర్పుల సారాన్ని షరతులతో రాసుకుంది. అమ్మేటప్పుడే ఇచ్చే డిస్కౌంటు బిల్లులో ఉండాలి. తర్వాత ఇచ్చేదైతే ముందే ఒప్పందం ఉండాలి, ఏ బిల్లుకు సంబంధించిందో తేలాలి, సరుకు కొన్న డీలరు ఆ మేరకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తను కట్టాల్సిన పన్నులోంచి మినహాయించుకునేది) వెనక్కి కట్టాలి.

మొబైల్ వ్యాపారంలో ఇది చెప్పినంత తేలిక కాదు. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల కొత్త మోడల్ రాగానే పాత మోడల్ ధర పడిపోతుంది. షాపులో ఉన్న స్టాకేమో పాత ధరకు కొన్నది. ఆ నష్టానికి కంపెనీ క్రెడిట్ నోటు ఇస్తుంది. ధర ఎప్పుడు పడుతుందో డీలరుకు ముందు తెలియదు, ఇక ముందస్తు ఒప్పందం ఎక్కణ్ణుంచి తెస్తాడు?

పులి మీద పుట్రలా 2019 జూన్‌లో ఒక సర్క్యులర్ వచ్చింది. కస్టమరుకు తక్కువకు అమ్మమని కంపెనీ డీలరుకు ఇచ్చే మొత్తాన్ని కూడా ఫోను ధరలో కలిపి పన్ను కట్టాలన్నది దాని సారాంశం. పైసా పైసా మార్జిన్ మీద బతికే చిన్న షాపులకు అది అన్యాయమే. వ్యాపారుల గోల తర్వాత అక్టోబరులో దాన్ని మొదటి నుంచీ చెల్లనట్టే వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత, 2020 ఏప్రిల్ 1 నుంచి ఫోన్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 18కి పెరిగింది. 2025 సెప్టెంబరులో ఏసీలు, పెద్ద టీవీల మీద రేటు తగ్గినా ఫోన్లది 18 దగ్గరే ఉండిపోయింది.

డీలర్లకు కాస్త ఊరట కూడా ఆ నెలలోనే దొరికింది. ముందస్తు ఒప్పందం షరతు తీసేయాలని జీఎస్టీ కౌన్సిల్ సిఫార్సు చేసింది. కంపెనీ తన పన్ను తగ్గించుకోకుండా ఇచ్చే మామూలు క్రెడిట్ నోట్లకు డీలరు ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి కట్టక్కర్లేదని సెప్టెంబరు 12 సర్క్యులర్ స్పష్టం చేసింది. ఫలానా ధరకే ఇస్తామని కంపెనీ నేరుగా కస్టమరుతో ఒప్పందం చేసుకుంటే మాత్రం, డీలరుకు ముట్టజెప్పిన ఆ తేడా కూడా ధరలో భాగమే.

బ్యాంకు ఆఫర్ కిటుకు కూడా ఇలాంటిదే. చట్టం దృష్టిలో ప్రతిఫలం అంటే కొన్నవాడు ఇచ్చిందే కాదు, వాడి తరఫున ఇంకెవరు ఇచ్చినా లెక్కే. మనం రూ. 18,000 ఇచ్చి, మిగతా రూ. 2,000 బ్యాంకు భర్తీ చేస్తే షాపుకు ముట్టింది రూ. 20,000.

ఎక్స్ఛేంజ్ సంగతైతే జీఎస్టీ రూల్స్‌లోనే ఫోను ఉదాహరణతో రాసి ఉంది. పాత ఫోను ఇచ్చి కొత్తది రూ. 20,000కు తీసుకున్నారు. ఎక్స్ఛేంజ్ లేకపోతే దాని ధర రూ. 24,000. 27వ రూల్ ప్రకారం విలువ రూ. 24,000 కిందే లెక్క. మనం డిస్కౌంటు అనుకునే రూ. 4,000 నిజానికి పాత ఫోనుతో మనం చెల్లించిన ధర. పన్ను ఏ మొత్తం మీద పడుతుందో ఎక్స్ఛేంజ్ ప్రకటనలోనే పెద్దక్షరాలతో చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటాను.

మనం ఇచ్చేసిన ఆ పాత ఫోను మళ్లీ అమ్ముడైనప్పుడు కూడా పన్ను ఉంటుంది. అయితే సెకండ్ హ్యాండ్ వ్యాపారి దాని కొనుగోలు మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోకపోతే, 32వ రూల్ కింద లాభం మీద మాత్రమే కట్టొచ్చు. రూ. 4,000కు కొన్నది రూ. 5,000కు అమ్మితే పన్ను ఆ వెయ్యి మీదే, నష్టానికి అమ్మితే అసలే లేదు.