ఇంగ్లిష్‌లో దగ్గరి పదాలు: అపోహలు, వాస్తవాలు

ఇంగ్లిష్ పాఠాలు చెప్పడం, అనువాదాలు సరిదిద్దడం నా వృత్తి. ఈ పనిలో నాకు ఎదురయ్యే తప్పుల్లో చాలావరకు వ్యాకరణానికి సంబంధించినవి కావు. దగ్గరగా కనిపించే రెండు పదాల్లో ఒకటి రాయవలసిన చోట మరొకటి రాయడం వల్ల వచ్చేవే ఎక్కువ. వాటి వెనుక కొన్ని గట్టి నమ్మకాలున్నాయి. అవి తొలగకుండా పదాల జాబితాలు ఎన్ని బట్టీపట్టినా ఫలితం ఉండదు కనుక, ముందు ఆ నమ్మకాలనే పరిశీలిద్దాం.

అపోహ: నిఘంటువులో రెండు పదాలకూ ఒకే తెలుగు అర్థం ఉంటే ఆ రెండూ ఒకటే.

వాస్తవం: అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ‘డౌట్’, ‘సస్పెక్ట్’ అనే క్రియలు రెండింటికీ మనం ‘అనుమానించు’ అనే చెప్పుకుంటాం. కానీ ‘ఐ సస్పెక్ట్ హి టుక్ ద మనీ’ అంటే డబ్బు అతనే తీసి ఉంటాడని నా అనుమానం. ‘ఐ డౌట్ హి టుక్ ద మనీ’ అంటే అతను తీశాడంటే నేను నమ్మలేకపోతున్నానని. మొదటి వాక్యం మనిషి మీద నింద మోపుతుంది, రెండోది అదే మనిషిని వెనకేసుకొస్తుంది. ఈ తేడా తెలుగుకు తెలియనిదేమీ కాదు. ‘అతను తీశాడని అనుమానం’ అంటే ఒకటి, ‘అతను తీశాడా అన్నది అనుమానమే’ అంటే మరొకటి అని మనందరికీ తెలుసు. తెలుగు వాక్యం తీరుతో చూపే తేడాను ఇంగ్లిష్ వేర్వేరు క్రియలతో చూపుతుంది, అంతే. ఫిర్యాదులోనో విచారణ నివేదికలోనో ‘సస్పెక్ట్’ రాయవలసిన చోట ‘డౌట్’ రాస్తే, చదివేవారు సరిగ్గా వ్యతిరేకార్థం తీసుకుంటారు.

‘షేడ్’, ‘షాడో’ రెండూ మనకు నీడే. ఎండ తగలని చోటు షేడ్. వెలుతురుకు అడ్డొచ్చిన వస్తువు ఆకారం నేలమీదో గోడమీదో పడితే అది షాడో. అలాగే మన ప్రయత్నం లేకుండా చెవిన పడడం ‘హియర్’, చెవి ఒగ్గి వినడం ‘లిజన్’.

కొన్ని చోట్ల తెలుగే దారి చూపుతుంది. ‘బై ఫ్రైడే’, ‘అంటిల్ ఫ్రైడే’ అన్నవాటి దగ్గర తడబడేవారు చాలామంది. దరఖాస్తు శుక్రవారం కల్లా పంపాలి అన్నప్పుడు ‘బై’ రావాలి, కార్యాలయం శుక్రవారం దాకా తెరిచి ఉంటుంది అన్నప్పుడు ‘అంటిల్’ రావాలి. ‘కల్లా’, ‘దాకా’ల మధ్య ఎన్నడూ పొరపడని మనం ఈ రెండింటి మధ్య పొరపడవలసిన అవసరమే లేదు.

అపోహ: ‘అఫెక్ట్’ ఎప్పుడూ క్రియే, ‘ఎఫెక్ట్’ ఎప్పుడూ నామవాచకమే.

వాస్తవం: చాలా సందర్భాల్లో ఇది నిజమే కానీ, ‘ఎప్పుడూ’ అన్న మాట తీసేయాలి. కొత్త నియమం ‘ఎఫెక్టెడ్ ఎ చేంజ్’ అంటే మార్పును అదే తెచ్చిందని అర్థం. ‘అఫెక్టెడ్ ద చేంజ్’ అంటే జరుగుతున్న మార్పుపై ప్రభావం చూపిందని అర్థం. మనస్తత్వశాస్త్రంలో ‘అఫెక్ట్’ నామవాచకంగానూ వస్తుంది, అక్కడ దానికి భావోద్వేగమని అర్థం.

అపోహ: లెక్కపెట్టగలిగిన వాటికి ‘ఫ్యూయర్’, లెక్కపెట్టలేని వాటికి ‘లెస్’ అన్నది భాషతో పాటే పుట్టిన నియమం.

వాస్తవం: ఈ నియమం రాకముందు శతాబ్దాల తరబడి ‘లెస్’ రెండు రకాల వాటికీ వాడుకలో ఉంది. 1770లో రాబర్ట్ బేకర్ అనే రచయిత ‘ఫ్యూయర్’ పట్ల తన అభిరుచిని చెప్పాడు. కాలక్రమంలో ఆ అభిరుచే నియమంగా స్థిరపడింది. అయినా పరీక్షల్లోనూ అధికారిక రచనలోనూ దాన్ని పాటించమనే నేను చెబుతాను, పాటించినందువల్ల నష్టమేమీ లేదు. అయితే దూరం, కాలం, డబ్బు అంకెల్లో చెప్పినా ఒకే మొత్తంగా భావిస్తాం కనుక, ‘లెస్ దాన్ టెన్ కిలోమీటర్స్’ అనడమే సహజం. దాన్ని ‘ఫ్యూయర్’గా దిద్దేవారు అతిగా దిద్దుతున్నట్టే.

అపోహ: ముందు ‘ఇన్’ చేరితే వ్యతిరేకార్థం వస్తుంది.

వాస్తవం: ఇది ప్రాణాల మీదికి తెచ్చే అపోహ. ‘ఫ్లామబుల్’, ‘ఇన్‌ఫ్లామబుల్’ రెండింటికీ సులభంగా అంటుకునేది అనే అర్థం. రెండో పదంలోని ‘ఇన్’ లాటిన్ నుంచి వచ్చింది, అక్కడ అది నిషేధార్థకం కాదు. జనం పొరపడతారనే భయంతోనే అమెరికాలోని జాతీయ అగ్ని రక్షణ సంఘం 1920లలో ‘ఫ్లామబుల్’ వాడమని ప్రోత్సహించింది. అంటుకోనిదాన్ని చెప్పడానికి ‘నాన్‌ఫ్లామబుల్’ ఉంది. ‘ఇన్‌వాల్యుబుల్’ సంగతి వేరు. అక్కడి ‘ఇన్’ లేదు అనే చెబుతుంది, కానీ లేనిది విలువ కాదు, విలువ కట్టే వీలు. అందుకే ఆ పదానికి అమూల్యం అని అర్థం.

అపోహ: పదం పుట్టుకలోని అర్థమే అసలైన అర్థం.

వాస్తవం: అలాగైతే ‘నైస్’ అంటే తెలివితక్కువ అనే అనుకోవాలి, ఎందుకంటే దాని లాటిన్ మూలానికి తెలియనివాడని అర్థం. నేటి ప్రామాణిక రచనలో ‘డిజ్‌ఇంటరెస్టెడ్’ అంటే స్వప్రయోజనం లేని, నిష్పాక్షికమైన అని, ‘అన్‌ఇంటరెస్టెడ్’ అంటే ఆసక్తి లేని అని వాడుతున్నాం. 17వ శతాబ్దంలో ఈ రెండూ ఒకదాని అర్థంలో మరొకటి కూడా వాడుకలో ఉండేవి. న్యాయమూర్తి డిజ్‌ఇంటరెస్టెడ్‌గా ఉండాలి, అన్‌ఇంటరెస్టెడ్‌గా ఉంటే వాది ప్రతివాదులిద్దరికీ అన్యాయమే.

అపోహ: పర్యాయపదాల్లో పెద్దది వాడితే రచనకు హుందాతనం వస్తుంది.

వాస్తవం: 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించాక ఫ్రెంచి పదాలు వెల్లువలా వచ్చి చేరాయి, ఆ తర్వాత పండితుల ద్వారా లాటిన్ పదాలు చేరాయి. అందువల్ల అడగడం అనే ఒక్క పనికే పాత ఇంగ్లిష్ నుంచి ‘ఆస్క్’, ఫ్రెంచి నుంచి ‘క్వశ్చన్’, లాటిన్ నుంచి ‘ఇంటరాగేట్’ మిగిలాయి. మిత్రుడిని కుశలం ఆస్క్ చేస్తాం, సాక్షిని క్వశ్చన్ చేస్తారు, నిందితుణ్ణి ఇంటరాగేట్ చేస్తారు. మిత్రుడి విషయంలో మూడోది వాడితే ఆ వాక్యానికి వచ్చేది హుందాతనం కాదు, పోలీసు స్టేషన్ వాతావరణం.