సర్వే రోజు బండి దాచేయకండి: వీధి వ్యాపారుల అపోహలు - వాస్తవాలు

నిన్న రాత్రి అన్నం తింటుంటే ఫోన్ మోగింది. విజయవాడ బెంజి సర్కిల్ అవతల అరటిపళ్ళ బండి పెట్టుకునే అక్క. "తమ్ముడూ, మా రోడ్డు అందంగా చేస్తారంట. పొద్దున్నే సర్వేకి వస్తారంట. అందరూ బండ్లు సందులోకి తోసేస్తున్నారు. నేనూ తోసేయనా?" అని అడిగింది. గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. "అక్కా, ఇంకెప్పుడైనా తియ్యి గానీ, రేపు మాత్రం తియ్యొద్దు" అన్నాను.

విజయవాడ, గుంటూరుల్లో వీధి వ్యాపారుల సర్వేలు, గుర్తింపు కార్డుల పని పదేళ్ళకు పైగా చేస్తున్నాను. సుందరీకరణ అనండి, రోడ్డు వెడల్పు అనండి, ఫుడ్ స్ట్రీట్ అనండి, ఆ మాట బయటికి రాగానే బండ్ల దగ్గర మొదట పుట్టే పుకారు ఇదే: "సర్వేకి వచ్చేది లెక్క రాసుకుని లేపేయడానికే. ఆ రోజు కనబడకపోతే బతికిపోతాం."

ఇది పూర్తిగా తప్పు. నేను చూసినంతలో ఈ ఒక్క అపోహ వల్ల రోడ్డున పడ్డవాళ్ళు మిగతా అన్ని కారణాల కంటే ఎక్కువ.

2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ఏం చెబుతుందో చూడండి. కనీసం ఐదేళ్ళకోసారి సర్వే చేయాలి. సర్వే పూర్తై, అందులో ఉన్న అందరికీ వెండింగ్ సర్టిఫికెట్లు, అంటే అమ్ముకోవడానికి అనుమతి పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు, వేరే చోటికి పంపకూడదు. సర్వేలో దొరికిన వాళ్ళందరికీ వెండింగ్ జోన్లలో, అంటే బండ్లు పెట్టుకోవడానికి కేటాయించిన ప్రాంతాల్లో చోటు చూపించాలి. దానికి పరిమితి ఆ వార్డు, జోన్ లేదా పట్టణ జనాభాలో రెండున్నర శాతం. సర్వే జరిగి ప్లాన్ తయారయ్యేదాకా ఏ వీధినీ బండ్లు పెట్టకూడని నో వెండింగ్ జోన్‌గా ప్రకటించకూడదు. సర్వేలో, అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఎన్నాళ్ళుగానో చేరే సహజ మార్కెట్‌గా తేలిన చోటునైతే ఆ తర్వాత కూడా ప్రకటించకూడదు.

ఆ చివరి వాక్యం ఇంకోసారి చదవండి. మీరు బండి దాస్తే పోయేది మీ ఒక్కరి పేరే కాదు. వీధి మొత్తం బండ్లు దాచేస్తే అక్కడ మార్కెట్ ఉందనడానికి కాగితం మీద సాక్ష్యమే మిగలదు. రేపు టైల్స్ వేసి, మొక్కలు పెట్టి, గోడలకు బొమ్మలు గీసి ఆ వీధికి కొత్త పేరు పెట్టినప్పుడు "ఇక్కడ బండ్లు ఎప్పుడూ లేవు" అనే మాటకు మనమే ఆధారం ఇచ్చినవాళ్ళమవుతాం.

ఒక చిన్న పట్టణంలో సర్వే టీమ్‌తో నేనూ తిరిగాను. బస్టాండ్ పక్క వీధి, మామూలుగా యాభై బండ్ల దాకా ఉంటాయి. మేం వెళ్ళేసరికి పదకొండే ఉన్నాయి. బజ్జీల మూకుళ్ళు పెట్టే చోట నేల మీద నూనె మరకలు ఇంకా ఆరలేదు. మనుషులు మాత్రం లేరు. గంటసేపు ఆగాం, పక్క షాపుల వాళ్ళతో కబురు పంపించాం, ఎవరూ రాలేదు. ఏడాది తర్వాత ఫుట్‌పాత్ కట్టి, నంబర్లతో గళ్ళు గీసి, లిస్టు చదివారు. పంతొమ్మిదేళ్ళుగా అదే మూల మీద మిరపకాయ బజ్జీలు వేసిన ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "అయ్యా, ఆ రోజు ఇంట్లోనే కూర్చున్నాను. కూర్చోమన్నారు" అన్నాడు. ఎవరు చెప్పారంటే ఆయనకే తెలియదు. ఎవరో అన్నారు, అంతే.

ఇప్పటికే పేరు తప్పిపోయినవాళ్ళు భయపడకండి. రెండు సర్వేల మధ్యలో కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఖాళీ ఉంటే సర్టిఫికెట్ ఇస్తారు. అర్జీ నోటితో కాకుండా కాగితం మీద ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. అదే చోట ఎన్నాళ్ళుగా ఉన్నారో చెప్పే కాగితం ఏదున్నా జతపరచండి. ఆశీలు చీటీ, పాత ఫైన్ రసీదు, బండి దగ్గర దిగిన ఫొటో ఏదైనా పనికొస్తుంది. ఫైన్ రసీదు చూస్తే సిగ్గేసి చింపేసేవాళ్ళని చూశాను. చింపకండి. ఆ తేదీన మీరు అక్కడే ఉన్నారని అదే చెబుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"స్వనిధి లోన్ వచ్చింది, ఇక చోటు నాదే" అంటారు. కాదు. 2020లో మొదలైన ఆ కేంద్ర పథకం పెట్టుబడికి అప్పు ఇస్తుంది, చోటు ఇవ్వదు. చోటుకి వెండింగ్ సర్టిఫికెట్టే ఉండాలి.

"ఫలానా ఆయన కార్డు అమ్ముతున్నాడు, కొనుక్కోమంటారా?" వద్దు. సర్టిఫికెట్ అమ్మడానికి, అద్దెకివ్వడానికి చట్టంలో వీల్లేదు. దాని మీద పెట్టిన డబ్బు పోయినట్టే. మనిషి చనిపోయినా, శాశ్వతంగా పని చేయలేని స్థితికి వచ్చినా భార్యకో, భర్తకో, ఆధారపడిన పిల్లలకో మాత్రం సర్టిఫికెట్ గడువు ఉన్నంతవరకు ఆ చోట అమ్ముకునే వీలుంటుంది.

"పొద్దున వచ్చి మధ్యాహ్నానికల్లా తీసేయమన్నారు, తియ్యాలి కదా?" ఖాళీ చేయించడానికైనా, వేరే చోటికి పంపడానికైనా 30 రోజుల నోటీసు ఉండాలి. నోటిమాట నోటీసు కాదు.

"సామాను ఎత్తుకెళ్తే ఇక రాదు." వస్తుంది. ఏమేం తీసుకెళ్ళారో లిస్టు రాసి ఇవ్వాలి. మీరు వెళ్ళి అడిగితే పాడైపోయే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. ఈ చట్టం లేని రోజుల్లో మా అమ్మ మల్లెపూలు అమ్మేది. ఒక సాయంత్రం గంప పట్టుకెళ్ళారు. మర్నాడు బతిమాలితే ఇచ్చారు. మొగ్గలన్నీ నల్లబడిపోయాయి. వాటిని మా ఇంటి ముందు పారబోసిన చోటు ఇప్పటికీ గుర్తుంది నాకు. అందుకే "అదే రోజు" అన్న మాటను ప్రతి మీటింగులో రెండుసార్లు చదివి వినిపిస్తాను.

"ఊరు అందంగా కావాలంటే బండ్లు పోవాల్సిందే." ఇది చదువుకున్నవాళ్ళ అపోహ. అహ్మదాబాద్ కాంకరియా చెరువు దగ్గర తిండి అమ్మేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ శుభ్రత, శిక్షణ చూసుకున్నారు. దేశంలో మొదటి 'క్లీన్ స్ట్రీట్ ఫుడ్ హబ్' గుర్తింపు 2018లో ఆ చోటుకే వచ్చింది. మన విజయవాడ బీసెంట్ రోడ్డుకి పండగ ముందు జనం దేనికోసం వస్తారు? అక్కడి బండ్లు లేకపోతే అది మామూలు రోడ్డే. గుంటూరు అరండల్‌పేటలో సాయంత్రం పూట నడిచినా అంతే. ఊరికి పేరు తెచ్చినవాళ్ళని పక్కకి తోసి ఆ ఊరికే కొత్త పేరు పెడతామంటే నేను ఒప్పుకోను.

ఈ జోన్లన్నీ పైవాళ్ళే గదిలో కూర్చుని తేల్చేస్తారనుకుంటారు. టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళనీ వ్యాపారులే ఎన్నుకోవాలి, అందులో మూడో వంతు ఆడవాళ్ళు. మీ వార్డు నుంచి ఎవరున్నారో ఇవాళే కనుక్కోండి.

ఆ అక్క పొద్దున బండి తియ్యలేదు. పదకొండింటికి సర్వే రసీదు ఫొటో తీసి పంపింది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఆధార్‌తో కలవకపోతే కార్డు ఆగిపోతుంది కాబట్టి సోమవారం వెళ్ళి సరిచేయిద్దామన్నాను. రసీదు ఉన్నవాళ్ళు మీవి కూడా ఒకసారి తీసి, పేరు అక్షరం అక్షరం చూసుకోండి.