పొడుగాటి మాటని పసిపిల్లలు ఎటునుంచి పట్టుకుంటారు?

మాట ఒక్కటే వాక్యమంత పొడుగుండే భాషలు పసివాళ్లకి ఎలా పట్టుబడతాయని ఒక పాఠకురాలు అడిగారు. భాషాశాస్త్రంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా అబ్బురపరిచే సంగతి ఇదే.

కెనడాలో మాంట్రియల్‌కి దగ్గర్లో కానవాకే అనే మోహాక్ ఆదివాసుల ఊరుంది. వాళ్ల భాషలో ఎవరు, ఎవరిని, ఎప్పుడు అనేవన్నీ ధాతువుకి ముందూ వెనకా అతుక్కుని ఒకే మాటైపోతాయి. మాట నేర్చే బిడ్డ ధాతువుని వెతుక్కోదు, చెవికి గట్టిగా తగిలిన అక్షరాన్ని పట్టుకుంటుంది.

చీకట్లో పోయే రైల్లో ఒక్క పెట్టెలోనే దీపం వెలుగుతోందనుకోండి, ముందు కనబడేది అదే. మోహాక్ మాటలో సాధారణంగా చివరినుంచి రెండో అక్షరం మీద ఊనిక, అంటే నొక్కి పలకడం, ఉంటుంది. బిడ్డ మొదట పలికేది ఆ దీపం పెట్టెనే. తర్వాత వెనకున్న గార్డు పెట్టె, అంటే చివరి అక్షరం, వచ్చి చేరుతుంది. ఆపైన ఇంజను వైపు ఒక్కో పెట్టే తగిలించుకుంటూ పోతుంది. ధాతువు రెండు పెట్టెల్లోకి చీలిపోయినా బిడ్డకి పట్టదు. కర్తనీ కర్మనీ కలిపి చెప్పే ఉపసర్గలు, అంటే ధాతువుకి ముందు ఇంజను వైపున అతుక్కునే ముక్కలు, 50కి పైగా ఉన్నాయి. అంతదూరం వచ్చాకే 'నేను నిన్ను', 'ఆమె నన్ను' అంటూ పెట్టెలు మార్చి చూడటం, అంటే అసలు వ్యాకరణం, మొదలవుతుంది. భాషాశాస్త్రవేత్త మారియాన్ మిథున్ 1989లో దీన్ని వివరంగా రాశారు.

గ్వాటెమాలాలోని కీచే మాయా భాషలో ఊనిక క్రియ చివరి అక్షరం మీద పడుతుంది. అందుకని అక్కడ గార్డు పెట్టెలోనే దీపం! ఇంగ్లీషు పిల్లలు మొదట్లో వదిలేసే చివరి ప్రత్యయాలే కీచే పిల్లల నోట ముందు వినిపిస్తాయి. ధాతువులోని ఆఖరి హల్లూ దాని వెనకున్న ప్రత్యయమూ కలిసి ఒక్క అక్షరంగా వస్తాయి, ధాతువు ముందుభాగం రాలిపోతుంది. క్లిఫ్టన్ పై (Pye) అనే భాషాశాస్త్రవేత్త చూపించింది ఇదే.

బిడ్డతో పనిగట్టుకుని మాట్లాడుతూ ఉండకపోతే మాటలు ఆలస్యమవుతాయని చాలామంది భయపడతారు. మెక్సికోలో చియాపాస్‌లోని ఒక త్సెల్తాల్ మాయా పల్లెలో మూడేళ్ల లోపు పిల్లలతో నేరుగా మాట్లాడింది సగటున గంటకి 3.6 నిమిషాలేనని 2020లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. అయినా తొలి మాటలు వేళకే వచ్చాయి. ఇలాంటి భయమే ఇంకోటుంది: ఇంటిభాష మాట్లాడితే బడిభాష చెడుతుందని తల్లిదండ్రులకి చెప్పే ఉపాధ్యాయులు ఇంకా ఉన్నారు. అది మూఢనమ్మకం, దానివల్ల భాషలు పోతున్నాయి.

కెనడాలోనే ఒంటారియోలో ఉన్న సిక్స్ నేషన్స్ అనే ఆదివాసుల ప్రాంతంలో పెద్దవాళ్లకి మోహాక్ నేర్పేవాళ్లు ధాతువుతో మొదలుపెట్టి ముక్కలు అతికించడం చూపిస్తారు. పసివాళ్ల దారికి ఇది పూర్తిగా ఎదురు. అలా నేర్చుకున్న కొందరు ఇప్పుడు తమ బిడ్డలతో పుట్టినప్పటినుంచీ మోహాక్‌లోనే మాట్లాడుతున్నారు.