లార్డ్స్‌లో ఆ ముప్పావుగంట

పుణె మ్యాచ్ మీద తగువు ఇప్పటికీ తెగలేదు. తలకు బంతి తగిలి ఎవరైనా మైదానం వీడితే చాలు, 2025 జనవరి 31 మళ్లీ నోళ్లలో నానుతుంది. ఇంగ్లండ్‌తో నాలుగో టీ20 అది. ఆఖరి ఓవర్లో ఓవర్టన్ వేసిన బంతి శివమ్ దూబే హెల్మెట్‌కు తగిలింది. ఇన్నింగ్స్ విరామం తర్వాత భారత జట్టు కంకషన్ (తలదెబ్బకు మెదడు అదరడం) అని చెప్పి అతని బదులు హర్షిత్ రాణాను దించింది. అతను 3 వికెట్లు తీశాడు. మనం 15 పరుగులతో గెలిచాం. ఒకడి బదులు అలాంటివాడే రావాలి కదా, దూబే బ్యాటింగ్ ఆల్‌రౌండర్, రాణా నిఖార్సైన ఫాస్ట్ బౌలర్. దూబే వేగం 25 మైళ్లు పెరిగిందా, లేక రాణా బ్యాటింగ్ బాగా మెరుగుపడిందా అని అప్పటి ఇంగ్లండ్ కెప్టెన్ బట్లర్ ఎద్దేవా చేశాడు. (విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి గాయపడటంతోనే ఆ సిరీస్‌లోకి దూబేకు పిలుపు వచ్చిందన్నది చాలామంది మర్చిపోయారు.)

బట్లర్ అన్నదాంట్లో న్యాయం ఉంది. అయితే వచ్చినవాడి గురించి జరిగినంత చర్చ వెళ్లినవాడి గురించి జరగలేదు.

హెల్మెట్ల చరిత్ర, 2014లో బంతి తగిలి ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిల్ హ్యూస్ మరణించడం అందరికీ తెలిసినవే. ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. హ్యూస్‌ది కంకషన్ కాదు. బంతి తగిలి మెడలోని ధమని చిట్లింది. ఆ విషాదం క్రికెట్‌ను భయపెట్టింది కానీ, ఇప్పటి గొడవకు మూలం అక్కడ లేదు. మూలం లార్డ్స్‌లో ఉంది.

2019 ఆగస్టు 17, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా టెస్టు. కంకషన్ అయితే బదులు ఆటగాణ్ని దించొచ్చన్న ఐసీసీ నిబంధన అమల్లోకి వచ్చి మూడు వారాలు కూడా కాలేదు. ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ 80 మీద ఉన్నాడు. ఇంగ్లండ్ పేసర్ ఆర్చర్ వేసిన 148 కిలోమీటర్ల బౌన్సర్ ఎడమ చెవి కింద మెడకు తగిలింది. స్మిత్ బోర్లా పడిపోయాడు. బయటికి తీసుకెళ్లి పరీక్షలు పెట్టారు. అన్నీ పాసయ్యాడు. దాదాపు ముప్పావుగంట తర్వాత, సిడిల్ అవుటవగానే, మళ్లీ ప్యాడ్లు కట్టుకుని వచ్చి 92 దాకా ఆడాడు. ఆరు బీర్లు తాగినట్టుందని డాక్టరుతో చెప్పినట్టు తర్వాత అతనే వివరించాడు. మర్నాడు పొద్దున తలనొప్పి, మత్తు. అవే పరీక్షల్లో ఈసారి తప్పాడు. లబుషేన్ దిగాడు, టెస్టుల్లో తొలి కంకషన్ సబ్ (బదులు ఆటగాడు) అతనే. అతనికీ రెండో బంతే ఆర్చర్ చేతిలో హెల్మెట్ గ్రిల్‌కు తగిలింది. లేచి నిలబడి 59 కొట్టాడు.

స్మిత్‌ను మళ్లీ ఎందుకు పంపారని ఆస్ట్రేలియాను తిట్టినవాళ్లు చాలామందే. వాళ్ల డాక్టర్ల వాదన వినాలి. ఆ గదిలో వాళ్ల చేతిలో ఉన్నవేమిటి? కొన్ని మాటలు చదివి వినిపించి తిరిగి చెప్పమంటారు. నెలల పేర్లు డిసెంబర్ నుంచి వెనక్కి చెప్పమంటారు. గీత మీద మడమకు బొటనవేలు ఆనించి నడిపిస్తారు. సీజన్ మొదట్లో పెట్టిన పరీక్షతో పోల్చి చూస్తారు. తలనొప్పి ఎంతుంది, వెలుతురు చూస్తే ఇబ్బందిగా ఉందా, బుర్ర మొద్దుబారినట్టుందా అని అడుగుతారు. జవాబు చెప్పాల్సింది ఆటగాడే, అతనికేమో తొందరగా బ్యాటింగ్‌కు పోవాలని ఉంటుంది. పైగా కొందరిలో లక్షణాలు గంటలు గడిచాక గానీ బయటపడవు. ఆ ముప్పావుగంటలో స్మిత్ అబద్ధం చెప్పనక్కర్లేదు, డాక్టరు పొరపాటు చేయనక్కర్లేదు. ఇద్దరూ నిజాయతీగా ఉన్నా ఫలితం అలాగే వచ్చేది.

ఇది తెలిసి చూస్తే 2020 డిసెంబర్ 4న కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియాతో టీ20లో జరిగింది వేరుగా కనిపిస్తుంది. స్టార్క్ బంతి జడేజా హెల్మెట్‌కు తగిలింది. ఫిజియో మైదానంలోకి రాలేదు, జడేజా ఇన్నింగ్స్ చివరిదాకా ఆడాడు. విరామంలో కంకషన్ అన్నారు. చాహల్ వచ్చి 3 వికెట్లు తీశాడు. అంతకుముందే జడేజా తొడ కండరం పట్టేయడంతో ఆస్ట్రేలియాకు అనుమానం వచ్చింది. కోచ్ లాంగర్ రిఫరీ డేవిడ్ బూన్‌తో వాదనకు దిగాడు. రిఫరీ ఏం చేయగలడు? ఎవరు దిగాలో తేల్చడం అతని పని, కంకషన్ అయిందా లేదా అన్నది జట్టు డాక్టరు మాట. అక్కడ ఫిజియో వెంటనే వెళ్లకపోవడం మాత్రం మనవాళ్ల తప్పే.

సరిగ్గా వారానికి సిడ్నీ ప్రాక్టీస్ మ్యాచ్‌లో బుమ్రా కొట్టిన స్ట్రెయిట్ డ్రైవ్ బౌలర్ కామెరాన్ గ్రీన్ చేతుల్లోంచి జారి తలకు తగిలింది. అవతలి ఎండ్‌లో ఉన్న మన హైదరాబాదీ సిరాజ్ పరుగు సంగతి వదిలేసి, బ్యాటు పడేసి ముందు గ్రీన్ దగ్గరికి ఉరికాడు. ఆ రోజు ఎవరూ ఏ వాదనా పెట్టుకోలేదు.

స్కాన్ తీస్తే తెలిసిపోదా అని అడుగుతారు. సీటీ స్కాన్‌లో రక్తస్రావం, పుర్రె పగులు కనిపిస్తాయి. కంకషన్‌లో జరిగేది వేరు. మెదడు ఒక్కసారి ఊగి నరాల తంతువులు సాగుతాయి, కణాల్లో రసాయనాల లెక్క తప్పుతుంది. అది సీటీకి అందదు. సీటీ నార్మల్ అన్నవాళ్లకు ఎమ్మారై తీసిన అమెరికా అధ్యయనం 2013లో అచ్చయింది. వాళ్లలో నాలుగో వంతు మందికి పైగా మెదడులో దెబ్బ కనిపించింది. బైక్ మీంచి పడ్డవాడికి ‘స్కాన్ నార్మల్, ఇంటికెళ్లొచ్చు’ అంటే మన ఇళ్లలో కథ అక్కడితో అయిపోయినట్టే. నెల తర్వాత వాడు లెక్కలు మర్చిపోతుంటే ‘దృష్టి పెట్టట్లేదు’ అంటాం.

2018 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తలదెబ్బలకు తొలి రక్త పరీక్షకు అనుమతి ఇచ్చింది. దెబ్బ తిన్న మెదడు కణాలు వదిలే రెండు ప్రొటీన్లను అది కొలుస్తుంది. 2024లో కొద్దిపాటి రక్తనమూనాతో మంచం పక్కనే 15 నిమిషాల్లో ఫలితం ఇచ్చే రూపం కూడా వచ్చింది. కంకషన్ పరీక్ష వచ్చేసిందని అప్పట్లో పత్రికలు హడావిడి చేశాయి. నిజానికి అది చెప్పేది సీటీ అవసరమా కాదా అన్నదే. రగ్బీలో 2024 నుంచి దంతాల కవచానికి సెన్సర్లు పెట్టారు. అవి కొలిచేది దెబ్బ బలాన్ని. అదే దెబ్బకు ఒకడి బుర్ర దిమ్మెక్కుతుంది, ఇంకొకడికి ఏమీ కాదు.

చికిత్సలో మాత్రం కాస్త ముందడుగు పడింది. చీకటి గదిలో పడుకోబెట్టడమే మందు అనుకునేవారు. 2015లో పిల్లలు, యువకుల మీద చేసిన ప్రయోగంలో అయిదు రోజులు పూర్తి విశ్రాంతి తీసుకున్నవాళ్లే ఎక్కువ లక్షణాలు చెప్పారు. 2019లో అమెరికాలోని బఫెలో పరిశోధకులు టీనేజీ ఆటగాళ్లతో లక్షణాలు పెరగని హద్దులో వ్యాయామం చేయించారు. వాళ్లు సగటున 13 రోజుల్లో కోలుకుంటే, ఒళ్లు సాగదీసే కసరత్తులు మాత్రమే చేసినవాళ్లకు 17 పట్టాయి. ఇప్పుడు ఒకటి రెండు రోజుల విశ్రాంతి, తర్వాత మెల్లగా కదలిక. రెండో దెబ్బ తగలకుండా కాపాడుకోవడం మాత్రం మారలేదు. వరుస కంకషన్లతో ఆస్ట్రేలియా ఓపెనర్ పుకోవ్‌స్కీ 2025లో 27 ఏళ్లకే ఆట మానేశాడు.

ఇక పుణెకు వద్దాం. స్మిత్ లార్డ్స్ తర్వాతి టెస్టు ఆడలేదు. జడేజా మూడు వారాలకు మెల్‌బోర్న్‌లో తిరిగొచ్చాడు. కంకషన్ అని జనవరి 31 రాత్రి తప్పించిన దూబే, ఫిబ్రవరి 2న వాంఖడేలో 30 పరుగులు చేసి 2 వికెట్లు తీశాడు. బట్లర్ అడగాల్సిన ప్రశ్న ఇది.

2025 మధ్యలో ఐసీసీ రెండు మార్పులు తెచ్చింది. కీపర్, బ్యాటర్, పేసర్, స్పిన్నర్, ఆల్‌రౌండర్లకు బదులు ఎవరో మ్యాచ్‌కు ముందే రిఫరీకి రాసివ్వాలి. బెంచీ మీంచి నచ్చినవాణ్ని ఏరుకునే పని తప్పింది, ఇంగ్లండ్ అలక తీరింది. రెండోది, కంకషన్ అని తేలిన ఆటగాడు కనీసం ఏడు రోజులు ఆడకూడదు. పరీక్ష దొరకని చోట క్యాలెండర్ పెట్టారు. అయితే ఆ ఏడు రోజులు మొదలయ్యేది డాక్టరు కాగితం మీద కంకషన్ అని రాశాకే. ‘బాగానే ఉన్నాను సార్’ అన్న ఆటగాడు మర్నాడే ఆడొచ్చు.