ముంజ, పండు, తేగ: ఒకే తాటి విత్తనం మూడు వయసులు

కోస్తా జిల్లాల పల్లెల్లోనైనా, తెలంగాణ మెట్ట ఊళ్లలోనైనా ఇంటిల్లిపాదీ ఆరుబయట కూర్చుని తినే చిరుతిళ్లలో సగానికి తాటిచెట్టే మూలం. చైత్ర వైశాఖాల్లో ముంజలు వస్తాయి, శ్రావణ భాద్రపదాల్లో తాటిపండ్లు రాలుతాయి, కార్తీకం దాటాక సంక్రాంతి వరకు తేగలు తవ్వుతారు. తెలంగాణలో వీటినే గేగులంటారు. ఈ మూడింటినీ మనం వేర్వేరు పదార్థాలుగా లెక్కపెడతాం, వేర్వేరు ధరలకు కొంటాం, వేర్వేరు విధాల తింటాం. వృక్షశాస్త్రం దృష్టిలో మాత్రం ఇవి ఒకే విత్తనానికి చెందిన మూడు దశలు. బొరాసస్ ఫ్లాబెల్లిఫర్ అనే ఈ చెట్టు తన సంతానం కోసం వేసుకున్న పథకంలో మూడు చోట్ల మనం అడ్డం పడి, ఏ చోట ఏది దొరికితే దాన్ని తింటున్నాం.

ముంజతో మొదలుపెడదాం. గెల దించిన తరువాత తాతయ్యో, మేనమామో కత్తితో కాయ తల కొడితే సాధారణంగా మూడు కళ్లు కనిపిస్తాయి. ఒక్కో కంటిలో ఒక్కో ముంజ. అంటే ఒక తాటికాయలో మూడు విత్తనాలు పెరుగుతున్నాయన్నమాట. పరాగం సరిగా అందని కాయల్లో రెండో, ఒకటో ఉంటాయి. పిల్లలు కత్తి కోసం ఎదురుచూడకుండా బొటనవేలు గుచ్చి తోడుకుంటారు, నీళ్లు మోచేతి దాకా కారుతాయి. ఆ నీళ్లూ, వాటి చుట్టూ ఉన్న మెత్తని గుజ్జూ కలిసి అంకురచ్ఛదం అనే కణజాలం. పూలు పూసే మొక్కల్లో ఫలదీకరణ రెండుసార్లు జరుగుతుంది: పుప్పొడి నుంచి వచ్చిన రెండు పురుష కణాలలో ఒకటి అండంతో కలిసి పిండమవుతుంది, మరొకటి తల్లి వైపు నుంచి వచ్చిన రెండు కేంద్రకాలతో కలిసి ఈ అంకురచ్ఛదమవుతుంది. కనుక ముంజ తల్లిచెట్టు మాంసమూ కాదు, పుట్టబోయే మొక్కా కాదు. ఆ మొక్కతో పాటే పుట్టి, దానికి ఆహారమై కరిగిపోవడానికి మాత్రమే ఉన్న తోబుట్టువు. దానిలో రెండు వంతులు తల్లిది, ఒక వంతు తండ్రిది.

లేత ముంజ నీళ్లతో నిండి ఉండడానికీ, ముదిరినది గట్టిపడడానికీ కారణం ఈ కణజాలం పెరిగే తీరులోనే ఉంది. మొదట్లో కేంద్రకాలు మాత్రమే పదేపదే విభజన చెందుతాయి, వాటి మధ్య గోడలు కట్టుకోవు. అందుకే లోపలంతా ద్రవమే. ఆ తరువాత అంచుల నుంచి లోపలికి కణాల గోడలు ఏర్పడుతూ వస్తాయి, అప్పుడు ద్రవం చుట్టూ పారదర్శకమైన గుజ్జు పొర కడుతుంది. కొబ్బరిబొండంలో నీళ్లు, లేత కొబ్బరి ఏర్పడేదీ ఇదే పద్ధతిలో. తేడా ఏమిటంటే కొబ్బరి ముదిరేకొద్దీ నూనెను దాచుకుంటుంది, తాటి విత్తనం మాత్రం మన్నన్ అనే పిండిపదార్థాన్ని తన కణాల గోడల్లోనే దట్టంగా పేర్చుకుంటుంది. లేతగా ఉన్నప్పుడు ఈ మన్నన్ గొలుసుల పక్కన గెలాక్టోజ్ అనే చక్కెర అణువులు కొమ్మల్లా వేలాడుతూ, గొలుసులను ఒకదానికొకటి దగ్గర కానివ్వకుండా నీటిని పట్టి ఉంచుతాయి. కాయ ముదిరేకొద్దీ ఆ కొమ్మల పాలు తగ్గి, గొలుసులు ఒత్తుగా సర్దుకుని, నీరు బయటికి పోయి, గుజ్జు క్రమంగా ఎముకలాంటి గట్టి పదార్థంగా మారుతుంది. ముదురు ముంజ తిన్నవాడికి కడుపునొప్పి తప్పదని పెద్దవాళ్లు అదిలించేది ఈ మార్పు సగంలో ఉన్న ముంజ గురించే. అది నమిలినా నలగదు, మన జీర్ణరసాల్లో మన్నన్‌ను విడగొట్టే ఎంజైమూ లేదు.

ముంజ చలువ చేస్తుందనే మాట గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. లేత ముంజలో 90 శాతానికి పైగా నీరే ఉంటుంది, కొద్దిగా చక్కెర, పొటాషియం వంటి లవణాలు ఉంటాయి; ఎండలో తిరిగి చెమట కార్చిన శరీరానికి కావలసినవి అవే. అంతకు మించిన మాయ ఏదీ అందులో లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. ముంజల పైపొరను పిల్లల వీపు మీది చెమటకాయలకు రాయడం కూడా అలాంటిదే: చెమట గ్రంథుల నాళాలు మూసుకుపోవడం వల్ల వచ్చే ఆ పొక్కులకు తడి, చల్లదనం హాయినిస్తాయి. ఆ పొర వగరుగా ఉండడానికి కారణం టానిన్లు. వగరు అనేది నిజానికి రుచి కన్నా స్పర్శకు దగ్గర. టానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్లతో అతుక్కోవడం వల్ల నోరు గరుకుగా తోస్తుంది. అందుకే ఓపిక ఉన్నవాళ్లు పొర ఒలిచి తింటారు, పిల్లలు ఒలవకుండానే మింగుతారు. ఖాళీ అయిన రెండు బుర్రలకు అడ్డంగా పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ పోయే బండి ఆ సాయంత్రానికి బోనస్. ఆ చక్రాలు రెండు మూడు రోజులు నిలుస్తాయంటే కాయ లోపలి పీచే కారణం.

అన్నట్లు, ముంజల కాలమే పిడుగుల కాలం కూడా. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో నేల కాగి, తేమగాలి వేగంగా పైకి లేచి, సాయంత్రానికి క్యుములోనింబస్ మేఘాలు కమ్ముతాయి. చదునైన పొలాల మధ్య ఒంటరిగా ముప్పై మీటర్ల దాకా ఎత్తు పెరగగల తాటిచెట్టు మీదికి పిడుగు దిగడం సహజం. చెట్టు మీద పడిన విద్యుత్తు పక్కనున్న మనిషి మీదికి దూకగలదు, వేళ్ల చుట్టూ నేలలో పాకి కాళ్ల గుండా ఎక్కగలదు. ఉరిమిందంటే గెల సంగతి మరచి, పిల్లలను వెంటబెట్టుకుని ఇంట్లోకి వెళ్లడమే పని.

కోయకుండా వదిలేసిన కాయలు వానాకాలంలో పండి, తెల్లవారుజామున ధబ్బున రాలతాయి. ఆ వాసన ఊరి పొలిమేర దాకా వస్తుంది. పండు గుజ్జు నారింజ రంగు కెరోటినాయిడ్లది. క్యారెట్‌కూ మామిడికీ రంగునిచ్చే కుటుంబమే. తీపితో పాటు నాలుక చివర తగిలే చేదు మాత్రం ఫ్లాబెల్లిఫెరిన్లు అనే సాపోనిన్ల వల్ల వస్తుంది. కుంకుడుకాయలో నురుగు తెప్పించేవి కూడా సాపోనిన్లే. ఒక్కో చెట్టు పండులో ఈ చేదు ఒక్కో పాళ్లలో ఉంటుంది కాబట్టే, ఏ చెట్టు పండు రొట్టెకు పనికొస్తుందో, ఏది పశువులకు వేయాలో ఊళ్లో అమ్మమ్మలకు తెలుసు. పీచు పిండి తీసిన రసాన్ని బియ్యపు రవ్వ, బెల్లంతో కలిపి మందపాటి గిన్నెలో సన్నని సెగ మీద కాల్చే తాటి రొట్టె, తాటి ఇడ్లీ, తాటి గారె ఇవన్నీ ఆ చేదును తీపిలో ముంచే ఉపాయాలే. కాల్చి తిన్నా, పచ్చిగా చీకినా పళ్ల సందుల్లో పీచు ఇరుక్కోవడం మాత్రం తప్పదు.

అదే వానల్లో తాటి మట్టల చివర గిజిగాళ్ల గూళ్లు వేలాడతాయి. పాము, పిల్లి ఎక్కడానికి కష్టమైన చోటు కావడం ఒక కారణమైతే, తాటాకు నుంచే పోగులు చీల్చుకునే వీలుండడం మరొకటి. మగపిట్ట గూడు సగం అల్లి, ఆడపిట్ట వచ్చి పరీక్షించి ఒప్పుకున్న తరువాతే మిగతా సగం పూర్తి చేస్తుంది. నచ్చని గూళ్లు సగంలోనే ఉండిపోతాయి. గట్టు మీద గొడుగు వేసుకుని ఓ పూట చూడదగిన వ్యవహారం ఇది.

పండు తిన్నాక మిగిలిన టెంకలే అసలు కథ. వాటిని పారేయరు, పెరట్లోనో, చెరువు గట్టునో గుల్లగా తవ్విన నేల మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చి, పైన మట్టి కప్పి పాతర వేస్తారు. తేగలు పొడవుగా, నున్నగా రావాలంటే కింద మట్టి లోతుగా, గుల్లగా ఉండాలనీ, రాళ్లు తగిలితే వంకరపోతాయనీ పాతర వేసే ప్రతివారికీ తెలుసు. ఎందుకలా అన్నది చూస్తే తాటి మొలక వింత బయటపడుతుంది. చిక్కుడు గింజ మొలకెత్తితే బీజదళాలు, అంటే గింజలోని పప్పు బద్దలు, పైకి వస్తాయి, శనగ మొలకెత్తితే అవి ఉన్నచోటే ఉండి మొలక పైకి వస్తుంది. తాటి టెంక మొలకెత్తితే మొలక కిందికి పోతుంది. వేరు ఒక్కటే కాదు, రేపు చెట్టు కావలసిన మొగ్గతో సహా మొత్తం పిండమే పోతుంది. టెంక కన్నులోంచి బీజదళపు కాడ ఒకటి గొట్టంలా బయటికి వచ్చి, తన కొసన పిండాన్ని మోసుకుంటూ నేలలోకి నిలువునా దిగుతుంది. మూర లోతు దాటిన తరువాత అక్కడ ఆగి, ఆ లోతులో వేరు కిందికి, తొలి ఆకు పైకి మొదలవుతాయి.

ఎండకు నేల బీటలు వారి, గడ్డి మంటలు ఏటా వచ్చి, పశువులు చిగురు కనిపిస్తే కొరికేసే చోట్ల ఈ జాతి పరిణామం చెందింది. అక్కడ పెరుగుదల కొన నేల పైన ఉంటే ఒక్క వేసవికే మాడిపోతుంది. మొలకనే పాతిపెట్టుకునే విత్తనానికి మాత్రం తడీ దొరుకుతుంది, రక్షణా దొరుకుతుంది. అంత లోతుకు దిగడానికి కావలసిన ఆహారమంతా టెంకలోనే మోసుకొచ్చుకోవాలి కాబట్టే తాటి విత్తనం అంత పెద్దది.

ఆహారం టెంకలో పైన, మొలక కింద ఉన్నప్పుడు ఒకదాని నుంచి మరొకదానికి చేరవేసేది ఎవరు? బీజదళపు రెండో కొస టెంకలోనే ఉండిపోయి, స్పంజిలా ఉబ్బుతూ లోపలి ఖాళీనంతా నింపుతుంది. వేసవిలో ముంజగా ఉండి, వానాకాలానికి రాయిగా మారిన ఆ మన్నన్‌ను ఎంజైములు కరిగిస్తూ ఉంటే, విడుదలైన చక్కెరలను ఈ స్పంజి పీల్చుకుని కాడ గుండా కిందికి పంపుతుంది. పాతర తవ్విన రోజు టెంకను కత్తితో రెండు చెక్కలు చేసి పిల్లలు తినే బుర్రగుంజు ఇదే. అది తియ్యగా ఉండడానికి కారణం దాని గుండా చక్కెర ప్రయాణిస్తూ ఉండడమే. కిందికి చేరిన చక్కెరను మొలక తన తొలి ఆకుల తొడుగులో పిండిగా మార్చి నిల్వ చేసుకుంటుంది. ఆ నిల్వే తేగ. కాల్చిన తేగను నిలువునా చీలిస్తే మధ్యలో కనిపించే లేత చిగురును గోదావరి వైపు చందమామ అంటారు. చందమామ ఎవరికన్న తగాదా లేకుండా తేగల సంబరం ముగిసిన ఇల్లు అరుదు. మూడు నాలుగు నెలలకు తవ్వకపోతే పిండి కరిగి ఆకుగా మారడం మొదలవుతుంది, తేగ పీచెక్కుతుంది. పాతర ఎప్పుడు తీయాలన్న లెక్కకు ఇదే ఆధారం.

తేగలను కుండలో పేర్చి, చుట్టూ మంట వేసి తంపట పెట్టడం రుచి కోసం మాత్రమే కాదు. వేడికి పిండి రేణువులు నీరు పీల్చి ఉబ్బి విచ్చుకుంటేనే మన ఎంజైములకు లొంగుతాయి. పైగా శ్రీలంకలో ఎలుకలపై జరిపిన ప్రయోగాల్లో పచ్చి తేగల పిండి హాని చేసినట్లు తేలింది కనుక, కాల్చడమో ఉడకబెట్టడమో చేయకుండా తినకపోవడమే మంచిది.

టెంకలు పాతరలో ఉన్న నెలల్లోనే దీపావళి వస్తుంది, అప్పుడు కాయ కాయని చెట్టుకు గిరాకీ. తాటిలో ఆడ, మగ చెట్లు వేర్వేరు. పోతు తాడికి వేళ్లలాంటి పూగుత్తులే తప్ప కాయలుండవు. ఎండిన ఆ పూగుత్తులను కాల్చి, బొగ్గు చేసి, నూరి, కళ్లుప్పు కలిపి, పాతగుడ్డలో పొట్లం కట్టి, చీల్చిన తాటి మట్టకు బిగించి, నిప్పు అంటించి గిరగిరా తిప్పే ఉప్పు పొట్లాలు ఉత్తర కోస్తా పిల్లలకు బాణసంచా కన్నా ముందు తెలుసు. తిప్పేకొద్దీ గాలి తగిలి బొగ్గుకు ఆక్సిజన్ అందుతుంది, ఎర్రబడిన రేణువులు గుడ్డ సందుల్లోంచి రాలుతాయి. ఉప్పు స్ఫటికాల్లో చిక్కుకున్న తేమ ఆవిరై ఒక్కసారిగా పగలడంతో చిటపటలు పుట్టి, రవ్వలు మరింత దూరం చిమ్ముతాయి. నూలుబట్టలు కట్టుకుని, గడ్డివాములకు దూరంగా తిప్పాలన్నది ఎప్పటికీ మారని నియమం.

పాతర మూలన మరచిపోయిన టెంకలు కొన్ని ప్రతిసారీ మిగులుతాయి. వాటి నుంచి ముందు మడతలు విప్పని ఒక్క ఆకు పైకి వస్తుంది, ఆ తరువాత ఏళ్ల తరబడి నేల మీద ఆకులే తప్ప మాను కనిపించదు. తాటి ఏకదళబీజ వృక్షం. వేప, చింతల్లా మాను చుట్టూ ఏటా కొత్త కలపను చేర్చే పొర దానికి లేదు. కనుక ఎంత లావు మాను కావాలో అంత లావు పునాదిని ముందుగా నేలలోనే కట్టుకుని, ఆ తరువాతే ఎత్తు పెరుగుతుంది. మొవ్వులో ఉన్నది ఒకే ఒక్క పెరుగుదల మొగ్గ, అది తెగితే చెట్టు మరి చిగురించదు. మొదటి పూత రావడానికి పన్నెండు నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది, అప్పటిదాకా అది పోతు తాడో, పెంటి తాడో చూసి చెప్పగలిగిన వారు లేరు. తూర్పు కనుమల అంచున పందిరిమామిడిలో ఉన్న ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి మీద పని చేసేవారికైనా, గట్టు మీద నాలుగు టెంకలు పాతే రైతుకైనా ఎదురయ్యే చిక్కు ఇదే: ముంజల కోసం తోట వేస్తే అందులో దాదాపు సగం చెట్లు ఉప్పు పొట్లాలకే పనికొస్తాయి.